మేకుకు వేలాడిన రొట్టె

తుర్దీ దవడ కింద ఒక పాత మచ్చ ఉంది. అక్కడికి రాగానే మునవ్వర్ చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా మగవాళ్ళ వార్డులో గడ్డాలు గీస్తున్న చెయ్యి అది. ఏ మొహంలో ఎక్కడ ఎత్తుందో, బ్లేడు చూస్తే ఎవరు బిగుసుకుపోతారో, చెవి కింద ఎవరికి చక్కిలిగింతో దానికి తెలుసు. ఇవాళ గడ్డాల రోజు కాదు. తుర్దీ ఒక్కడి కోసమే పొద్దున్నే వేణ్ణీళ్ళు కాచి, స్నానాల గదిలో స్టూలు వేసి, అతని మెడ చుట్టూ పాత దుప్పటి ముక్క కట్టి, కొత్త బ్లేడు తీసింది.

"కదలకు. ఇంటికెళ్ళేవాడివి, గాట్లతో వెళ్తావా?"

తుర్దీ కదల్లేదు. నలభై ఒక్కేళ్ళ మనిషి. మందులకు ఒళ్ళు ఉబ్బింది, చేతులు ఎప్పుడూ సన్నగా వణుకుతుంటాయి, పై పలువరుసలో ముందు పన్ను ఒకటి లేదు. ఎవరైనా ఒక మాట చెబితే ఆ మాటనే పట్టుకుని రోజుల తరబడి కూర్చోగలడు. ఈ రెండు వారాలుగా పట్టుకున్నది మునవ్వర్ చెప్పిన మాటే.

"అక్కా, నా రొట్టె ఉందా?" అన్నాడు నురుగులోంచి.

"ఉంది."

"నువ్వు చూశావా?"

"ఈ రెండు కళ్ళతో చూశాను. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"ఎంత కొరికాను?"

"కొంచెమే. చాలా మిగిలింది."

తుర్దీ కాసేపు ఆలోచించాడు. "నాకు గుర్తులేదు," అన్నాడు.

"నీకేం గుర్తుంటుందిలే," అంది మునవ్వర్, అతని గడ్డం పైకెత్తుతూ.

ఆ మాట ఆమె ముద్దుగానే అంది. వార్డులో అందరూ అందరితోనూ అనే మాటే. గుర్తులేదన్నవాడిదే నిజం కావచ్చునన్న అనుమానం అక్కడ ఎవరికీ రాదు. పిచ్చాసుపత్రిలో జీతం తీసుకునేవాళ్ళకే జ్ఞాపకశక్తి ఉంటుందని లెక్క.

రాయిసా నర్సు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏమే మునవ్వర్, పెళ్ళికొడుకు తయారయ్యాడా?"

"ఇంక మొహం తుడిస్తే చాలు."

"పెళ్ళికొడుకు కాదులే, నీ డిప్లొమా తయారైందను. దానికి కూడా కొంచెం సెంటు పుయ్యి."

మునవ్వర్ మూతి తిప్పింది కానీ కోపం రాలేదు. ఇవాళ ఆమెకు ఎవరి మీదా కోపం వచ్చేలా లేదు.

రెండేళ్ళ కిందట పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ప్రతి వార్డుకూ ఒక సామాజిక కార్యకర్త ఉండాలని. ఉండాలన్నారు కానీ మనిషిని పంపలేదు. పెద్ద డాక్టరు ఆయాలందర్నీ వరసగా నిలబెట్టి, పదో తరగతి పాసైనవాళ్ళలో మోకాళ్ళ నొప్పులు లేనిదెవరని అడిగి, మునవ్వర్ పేరు రాశాడు. ఆ రోజునుంచి ఆమె ఆయా కాదు. నేల తుడిచే పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రతి శనివారం పట్నం వెళ్ళి, తన మేనకోడలి ఈడు పిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చుని, మానసిక చికిత్సాలయాల్లో సామాజిక సేవ ఎలా చెయ్యాలో చదువుతోంది. యాభై మూడేళ్ళ వయసులో కొత్త కళ్ళజోడు కొనుక్కుంది. పలకా బలపం పట్టిన పిల్లలాగా గుండ్రటి అక్షరాలతో నోట్సు రాస్తుంది.

పాఠం చెప్పే దిల్‌రబోకు ముప్పై కూడా ఉండవు. మంచి పిల్ల. "రోగి వెనక ఒక ఇల్లుంటుంది. ఆ ఇంట్లో లోపాలు వెతక్కండి, బలం వెతకండి," అంటుంది. ఇరవై ఏడేళ్ళలో మునవ్వర్‌ని ఎవరూ ఏ బలమూ వెతకమనలేదు. తాళాలు వెతకమన్నారు, పారిపోయినవాళ్ళని వెతకమన్నారు, పోయిన చెంచాలు లెక్కపెట్టి వెతకమన్నారు. అందుకని ఆ మాటను ఆమె నెత్తిన పెట్టుకుంది. డిప్లొమాకి ఒక రోగిని ఎంచుకుని, అతని ఇంటికి వెళ్ళొచ్చి, అతన్ని ఇంటికి చేర్చే ప్రయత్నం చేసి, అదంతా నివేదికగా రాయాలి. ఆమె తుర్దీని ఎంచుకుంది.

ఎంచుకోవడానికి వేరే కారణమూ ఉంది. వార్డులో ఎనభై మంచాలు యాభై అవుతున్నాయి. ఇల్లున్నవాళ్ళు ఇంటికి పోవాలి, లేనివాళ్ళు ఎడారి అంచున ఉన్న వసతి గృహానికి పోవాలి. రెండు రోజుల ప్రయాణం. అక్కడినుంచి తిరిగొచ్చినవాణ్ణి మునవ్వర్ తన సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు. జాబితాలో ముప్పై పేర్లున్నాయి, పదిహేడోది తుర్దీది. వ్యాన్లు ఇవాళే వస్తున్నాయి.

"నాలుగింటికి బయల్దేరతాయి," అన్నాడు నిన్న పెద్ద డాక్టరు. "ఆలోపల ఇంటివాళ్ళ సంతకం తెస్తే ఒక పేరు కొట్టేస్తాను. తేకపోతే ముప్పై మందీ ఎక్కుతారు. నా చేతిలో ఏమీ లేదు మునవ్వర్."

ఆ సంతకం తెస్తానని ఆమెకు గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ ఇంట్లో రొట్టె చూసింది.

మా లోయలో ఎవరైనా దూరం వెళ్ళేటప్పుడు, మిలటరీకి గానీ, రష్యాకు కూలి పనికి గానీ, గుమ్మం దాటే ముందు తల్లి ఒక రొట్టె అందిస్తుంది. వాడు ఒకే ఒక్క కాటు కొరికి తిరిగి ఆమె చేతిలో పెడతాడు. ఆమె దాన్ని దారంతో గోడ మేకుకు కడుతుంది. వెళ్ళినవాడు తిరిగొచ్చి, తన చేత్తో దించుకుని మిగతాది తినేదాకా దాన్నెవరూ ముట్టరు. ఎవరిదని అడగరు కూడా. అడిగితే వెళ్ళినవాడు తిరిగొచ్చే దారికి అపశకునమని పెద్దవాళ్ళ భయం. చుట్టాలొస్తారు, దాని కిందే కూర్చుని టీ తాగుతారు, తల ఎత్తి చూస్తారు, మళ్ళీ వేరే మాటల్లో పడతారు.

రెండు వారాల కిందట మునవ్వర్ అలాగే చూసింది. తుర్దీ తల్లి సలోమత్‌కు చూపు దాదాపు పోయింది, గోడకానుకుని పరుపు మీద కూర్చునుంది. పెద్దకోడలు మొహిరా టీ గిన్నెలో మర్యాదగా సగానికే పోసి అందించింది. గోడకు మేకు, మేకుకు రొట్టె. నల్లగా ఎండి, ఒక పక్క కాటుతో ఉంది. ఆ కాటు మధ్యలో నిలువుగా సన్నటి ఒత్తు మిగిలింది, ముందు పన్ను లేనివాడు కొరికినట్టు. మునవ్వర్‌కు ఒళ్ళు ఝల్లుమంది. తుర్దీ మిలటరీకి వెళ్ళేటప్పుడు కొరికిన రొట్టె అనుకుంది. మనిషి మిలటరీనుంచి వచ్చాడు కానీ మనసు రాలేదు, తల్లి ఇంకా దాచే ఉంచింది అనుకుంది. అంతా ఆమే అనుకుంది.

అలా అనుకోవడానికి ఆమె సొంత గొడవ కూడా ఒకటుంది. ఆమె ఇరవై రెండో ఏట మొగుడు రహ్మతుల్లా రష్యాలో ఇటుక పనికి వెళుతూ ఇలాగే ఒక రొట్టె కొరికి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళు అది అత్తగారి గోడకు వేలాడింది. ఆ రొట్టె కింద ఆమె తొమ్మిదేళ్ళు వడ్డించింది, కుట్టింది, మధ్యలో ఈ ఆసుపత్రి ఉద్యోగంలో చేరింది. చివరికి అతను కొత్త కోటుతో, విడాకుల కాగితాలతో వచ్చాడు. ఆ రొట్టె కిందే కూర్చుని పలావు తిన్నాడు. తల ఎత్తలేదు. అతను వెళ్ళిన మర్నాడు అత్తగారు రొట్టెను దించి, నీళ్ళలో నానబెట్టి పిచ్చుకలకు వేసేసింది. మునవ్వర్ పెట్టె సర్దుకుని తమ్ముడింటి వెనక గదికి వచ్చేసింది, ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఒక ఇల్లు మనిషిని వదిలేసుకుంటే రొట్టెను ఒక్క రోజు కూడా ఉంచదని ఆమెకు అలా తెలుసు. ఉంచిందంటే వదల్లేదనే అర్థం.

నివేదికలో 'కుటుంబం ఎదురుచూస్తోందనడానికి ఆనవాళ్ళు' అన్న చోట, 'గోడకు అతని రొట్టె ఉంది' అని రాసింది. దిల్‌రబో ఆ వాక్యం కింద గీత గీసి, క్లాసులో పైకి చదివి వినిపించింది. "చూశారా, పుస్తకంలో లేనిది ఆవిడ కళ్ళతో చూసింది," అంది. ఇరవయ్యేళ్ళ పిల్లలు వెనక్కి తిరిగి మునవ్వర్‌ని చూశారు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఒక్కతే నవ్వుకుంది. బడిలో గానీ, కాపురంలో గానీ, ఉద్యోగంలో గానీ ఆమె చేసిన పనిని ఎవరూ అలా నలుగురిలో చదివి చెప్పలేదు. ఆ మెప్పు ఎక్కడో లోపల చేరి కూర్చుంది.

ఇవాళ ఊరెళ్ళే బస్సులో తుర్దీ కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచీలో రెండు జతల బట్టలు, మందులు, ఒక దువ్వెన. వార్డులో గడిపిన పద్ధెనిమిదేళ్ళలో కూడబెట్టినదంతా అదే. దారి పొడుగునా ఆప్రికాట్ చెట్లు పూసి ఉన్నాయి, అతను వాటిని చూడలేదు. ముందు సీటు వెనక ఉన్న చిన్న చిరుగును వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"ఇంటికి పోగానే ఏం చెయ్యాలి?" అడిగాడు.

"అమ్మకు సలాం చెప్పాలి. అన్నకు చెప్పాలి. కూర్చోమంటే కూర్చోవాలి."

"రొట్టె ఎప్పుడు?"

"అన్నీ అయ్యాక. నీదేగా, ఎవరూ ఎత్తుకుపోరు."

"నాకు గుర్తులేదు," అన్నాడు మళ్ళీ. మునవ్వర్ సంతకం కాగితం సంచీలో ఉందో లేదో చూసుకుంటోంది.

ఇంటి ముందు వాకిలి తడిపి ఊడ్చి ఉంది. అది మంచి గుర్తే. అన్న ఘఫూర్ గుమ్మం దాకా ఎదురొచ్చి, తమ్ముణ్ణి కౌగిలించుకోవాలో వద్దో తేల్చుకోలేక, చివరికి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మొహిరా తల వంచి సలాం చెప్పింది. ఆమె మొహం ముడుచుకునే ఉంది కానీ నేల మీద గుడ్డ పరిచి, బాదం, ఎండు ద్రాక్ష, ఆ పొద్దున కాల్చిన రొట్టెలు వరసగా పెట్టింది.

సలోమత్ చేతులు చాపింది. "ఇటు రా. దగ్గరికి."

తుర్దీ వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె అతని తల తడిమింది, చెవులు తడిమింది, చెంపల మీద అరచేతులు ఆనించింది.

"నున్నగా ఉన్నాడే. ఎవరు గీశారు?"

"నేనేనమ్మా," అంది మునవ్వర్.

సలోమత్ వేళ్ళు దవడ కిందికి వెళ్ళి మచ్చ దగ్గర ఆగాయి. అక్కడే చాలాసేపు ఉండిపోయాయి. "మల్బరీ చెట్టు మీంచి పడ్డాడు. ఏడేళ్ళప్పుడు. నేను పచ్చి పసుపు అద్దాను," అంది. తర్వాత కోడలి వైపు తల తిప్పి, "స్టోరు గదిలో పరుపు వేశావుటే?" అనడిగింది.

"నిన్ననే వేశానత్తయ్యా."

"మరి ఇంకేమిటి? ఘఫూర్, ఆ కాగితమేదో చూడు. సంతకం పెట్టెయ్."

మునవ్వర్ గుండె ఒక్కసారి తేలికైంది. సంచీలోంచి కాగితం తీసి గుడ్డ మీద పరిచింది. టైము పదకొండున్నర. ఘఫూర్ కళ్ళజోడు కోసం పక్క గదిలోకి వెళ్ళాడు. మొహిరా టీ పోస్తోంది, గిన్నెకు సగం.

అప్పుడు తుర్దీ లేచి నిలబడ్డాడు. సలాం చెప్పాడు, కూర్చోమంటే కూర్చున్నాడు, అన్నీ అయ్యాయి. గోడ దగ్గరికి వెళ్ళి, తల ఎత్తి రొట్టెను చూసి, వెనక్కి తిరిగి మునవ్వర్ వైపు చూశాడు. అనుమతి కోసం చూశాడు. వార్డులో ఏది ముట్టుకోవాలన్నా అలాగే చూస్తాడు.

మునవ్వర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నివేదికలో చివరి పేజీ ఆమె కళ్ళ ముందు కదిలింది, ఆ సంగతి తర్వాత ఆమె ఎంత ప్రయత్నించినా మరిచిపోలేకపోయింది. "దించుకో. నీదే," అంది మెల్లగా.

మొహిరా చేతిలో టీ పాత్ర ఆగిపోయింది. ఆమె నోరు తెరిచేలోపలే తుర్దీ దారం లాగి, రొట్టెను నోట్లో పెట్టుకుని బలంగా కొరికాడు. ఏళ్ళ తరబడి ఎండిన రొట్టె కటుక్కుమని విరిగింది.

సలోమత్ తల ఆ చప్పుడు వైపు తిరిగింది. "ఏమిటది?"

తుర్దీ నములుతున్నాడు.

"మొహిరా. ఎవరే కొరుకుతున్నది?"

"అత్తయ్యా..."

"ఇటివ్వమను."

మొహిరా తుర్దీ చేతిలోంచి రొట్టెను తీసి అత్త ఒళ్ళో పెట్టింది. సలోమత్ అంచు వెంట వేలు పోనిచ్చింది. పాత కాటు దగ్గర వేలికి ఆ సన్నటి ఒత్తు తగిలింది. దాటి ఇంకొంచెం పోగానే కొత్త కాటు, పెద్దది, గరుకుగా తగిలింది.

"ఇది ఇల్హోమ్‌ది," అంది. "నా చిన్నవాడిది. వాడికి ముందు పళ్ళ మధ్య సందు. రష్యా పోయి మూడేళ్ళయింది. ఫోను రాక పద్నాలుగు నెలలు."

ఇల్హోమ్. తుర్దీ ఫైల్లో ఆ పేరు ఉంది. 'తమ్ముడు, ఆరేళ్ళు' అని పద్ధెనిమిదేళ్ళ కిందట ఎవరో రాశారు. మునవ్వర్ ఆ పేజీ పది సార్లు చదివింది. ఆ కుర్రాడు ఆమె బుర్రలో ఇన్నాళ్ళూ ఆరేళ్ళవాడిగానే ఉండిపోయాడు. వార్డు లోపల ఎవరికీ వయసు రాదు, బయట వస్తుందన్నది ఆమెకు తట్టలేదు.

"మరి తుర్దీది..." అంది మునవ్వర్.

"వీడి మిలటరీ రొట్టె వీడు వచ్చిన రోజే తిన్నాడు. మీ దగ్గరికి పంపిన రోజున రొట్టె ఎవరికి గుర్తుందమ్మా? చేతులు కట్టేసి, పైన బొంత కప్పి కారెక్కించాం."

తుర్దీ నమలడం ఆపేశాడు. నోట్లో ముక్క ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా," అంది మునవ్వర్. "వాడికేం తెలీదు. వాడు గుర్తులేదనే చెప్పాడు. నేనే నీదని చెప్పాను. రెండు వారాలుగా చెబుతున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి, కొట్టండి."

"నీ తప్పే. కాదనను." సలోమత్ రొట్టెను ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "కానీ తిన్నది వీడు. వాడు తిరిగొచ్చే తోవ వీడు తినేశాడు. ఇక రోజూ వీడు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, ఆ చప్పుడు నేనెలా వినేది?"

ఘఫూర్ కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పెన్ను ఉంది. తల్లిని చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, పెన్ను మూత పెట్టాడు.

"అమ్మా, అదంతా ఉత్త నమ్మకం..." అన్నాడు.

"నాకు మిగిలింది అదే," అంది సలోమత్. "మొహిరా. చుట్టాలకు గిన్నె నిండా పొయ్యి."

గిన్నె నిండా టీ పోశారంటే ఇక లేవమని. పెద్ద ఇళ్ళల్లో ఎంత కోపమొచ్చినా నోటితో పొమ్మనరు, అలా పోస్తారు. మొహిరా మునవ్వర్ గిన్నె అంచు దాకా నింపింది. తుర్దీ గిన్నె కూడా నింపింది. తుర్దీకి ఆ మర్యాదలు గుర్తులేవు. ఎక్కువ పోశారని సంతోషంగా రెండు చేతులతో పట్టుకుని, నోట్లో ముక్కను టీతో నానబెట్టి మింగేశాడు.

వాకిలి దాకా మొహిరా వచ్చింది. సంచీని తుర్దీ భుజానికి తగిలించి, మునవ్వర్‌తో గొంతు తగ్గించి అంది, "నేనే అడ్డుపడతాననుకున్నారు కదూ అందరూ? సున్నం కూడా కొట్టించానక్కా ఆ గదికి. కిటికీకి పరదా కుట్టాను."

మునవ్వర్ సంతకం లేని కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో తుర్దీ అడిగాడు, "నాది కాదా?"

"కాదు."

"నాకు గుర్తులేదని చెప్పాను."

"చెప్పావు."

"చెప్పాను కదా," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. కావలసిన సంగతి ఒకటి తేలిపోయినట్టు తల ఊపి, ముందు సీటు చిరుగు మీద వేలు పెట్టుకున్నాడు. అతని నోరు కొంచెం తెరిచి ఉంది, పన్ను లేని సందు కనిపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది మునవ్వర్‌కు. ఆ పన్ను మిలటరీలో పోలేదు, ఇంట్లోనూ పోలేదు. పదకొండేళ్ళ కిందట స్నానాల గదిలో సబ్బు నీళ్ళ మీద జారి పడ్డాడు. రక్తం తుడిచింది తనే. విరిగిన పన్నును కాగితంలో చుట్టి చెత్తలో పడేసింది తనే. ఇంటినుంచి వెళ్ళేనాటికి అతనికి పళ్ళన్నీ ఉన్నాయి. ఇంత తెలిసిన మనిషి ఆ గోడ మీద ఏం చూసింది, ఎందుకలా చూసింది? మెప్పు కోసం చూసింది. ఇంకా లోతుకు వెళితే, ఎవరో ఒకరి రొట్టె తొమ్మిదేళ్ళ తర్వాతైనా తినబడాలని చూసింది. రెండింటికీ వాడి నోరే దొరికింది.

ఆసుపత్రి చేరేసరికి రెండు దాటింది. తుర్దీ మంచం అప్పటికే ఎత్తేశారు. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి.

పెద్ద డాక్టరు అంతా విన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు చెయ్యగలిగింది చేశావు," అన్నాడు. జాబితాలో పదిహేడో పేరు అలాగే ఉంది.

"ఒక్క నెల ఆపండి సార్. ఆవిడ కోపం తగ్గుతుంది. మళ్ళీ వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. లేదంటే నేనే పెట్టుకుంటాను."

"ఎక్కడ? మీ తమ్ముడి వెనక గదిలోనా?"

ఆ గది తలుపు తీస్తే మంచానికి తగులుతుంది. మునవ్వర్ అక్కడ ఉండటమే మరదలికి బరువు.

వ్యాన్లు రెండు వచ్చాయి. ముప్పై మందీ సంచులతో వరసగా నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ గోల చెయ్యలేదు, ఆ పొద్దున అందరికీ మందు కొంచెం ఎక్కువ ఇచ్చారు. రాయిసా పేర్లు పిలుస్తోంది. పదిహేడో పేరు ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండా పిలిచింది, అంతే. తుర్దీ రెండో వ్యానెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

మునవ్వర్ గేటు వైపు పరిగెత్తింది. గేటు పక్కన తందూరు దగ్గర ఒకావిడ సాయంత్రం రొట్టెలు తీస్తోంది. ఒకటి అందుకుని, వేళ్ళు కాలుతున్నా వదలకుండా, మోకాళ్ళ నొప్పులు లేవన్న ఆ కాళ్ళతోనే ఆయాసపడుతూ వచ్చి వ్యాను కిటికీ దగ్గర నిలబడింది.

"ఇదిగో. కొరుకు. ఒక్క కాటు చాలు. మిగతాది నా దగ్గరుంటుంది. నువ్వొచ్చి తింటావు."

తుర్దీ రొట్టెను రెండు చేతులతో తీసుకున్నాడు. వేడిగా ఉంది, పైన నల్ల జీలకర్ర చల్లి ఉంది. దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. అతను పొద్దున్నుంచీ సరిగ్గా తినలేదు, నోట్లో నీళ్ళూరడం ఆమెకు కనిపించింది. కానీ నోరు తెరవలేదు.

"ఎవరిదిది?" అన్నాడు.

"నీదే."

"అప్పుడూ అలాగే చెప్పావు."

"ఇది నిజంగా నీదిరా. ఇప్పుడే కాల్చింది. ఎవరూ కొరకలేదు, చూడు. ఒట్టు."

అతను రొట్టెను చుట్టూ తిప్పి చూశాడు. నమ్మాలని ఉంది అతనికి. అది మొహంలో తెలుస్తోంది. తర్వాత, పసివాణ్ణి తల్లికి అప్పగించినంత జాగ్రత్తగా, బోర్ల పడకుండా చూసుకుంటూ, కిటికీలోంచి ఆమె చేతుల్లో పెట్టేశాడు.

"పాపం, ఎవరో వస్తారు," అన్నాడు. "వాళ్ళకుంచు."

వ్యాను కదిలింది. అతను చెయ్యి ఊపలేదు. ముందు సీటు వెనక చిరుగుందేమోనని వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు. గేటు తెరిచారు, మళ్ళీ మూశారు.

రాయిసా పక్కకు వచ్చి నిలబడింది. ఏదో వెటకారం ఆడబోయి మానుకుంది. "శనివారం నివేదిక ఇవ్వాలిగా. ఏదో ఒకటి రాసెయ్యవే. ఇంటికి తీసుకెళ్ళాను, కుదరలేదు అని రాయి. వాళ్ళు పేజీలు చూస్తారు, లోపల చూడరు. పాసైపోతావు," అంది. అది ఓదార్పే.

దుప్పట్ల గది తాళం మునవ్వర్ దగ్గరే ఉంటుంది. ఆ ఆసుపత్రిలో, ఆ మాటకొస్తే ఈ లోకంలో, ఆమె తలుపేసుకోగల గది అదొక్కటే. లోపల కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని నివేదిక తెరిచింది. దిల్‌రబో గీత గీసిన పేజీ దాటి చివరికి వచ్చింది. 'ఫలితం' అన్న చోట చాలాసేపు పెన్ను ఆనించి, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'రొట్టె ఎవరిదో నేను అడగలేదు. అతను చెప్పింది వినలేదు.' ఇంకేమీ రాయలేదు. సంతకం పెట్టి మూసేసింది. పాస్ చేస్తారో లేదో అన్న ఆలోచన వచ్చింది, పోయింది.

గోడకు ఒక మేకు ఉంది, చీపుళ్ళు తగిలించేది. రొట్టె పట్టుకుని ఆమె దాని దగ్గరికి వెళ్ళింది కూడా. కానీ కొరకని రొట్టెను వేలాడదీసే ఆచారం మా వైపు ఎక్కడా లేదు, దానికోసం ఎవరూ రారు. వెనక్కి వచ్చి అరలో పెట్టి, దీపం ఆర్పి, తాళం వేసి, రేపు ఎవరి గడ్డాలో లెక్కపెట్టుకుంటూ బస్టాపు వైపు నడిచింది.

అరలో, పొద్దున తుర్దీ మెడకు కట్టిన దుప్పటి ముక్క మీద, ఇంకా కొంచెం వెచ్చగా ఆ రొట్టె ఉంది, గుండ్రంగా, చుట్టూ ఎక్కడా పంటి గాటు లేకుండా.